ఎడమచేతి కడియం

తేగ్‌బీర్ సింగ్ ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి చీలిపోతే కుట్లు వేశారు. తలపాగా లేదు. పొడవాటి జుట్టును నడినెత్తిన ముడేసుకుని, జైలువాళ్ళిచ్చిన తువ్వాలు ముక్క దాని చుట్టూ బిగించుకున్నాడు.

"ఎవరు కొట్టారు?" అడిగాడు ధర్మారావు.

"ముగ్గురు. నేను తాలిబన్‌నట. సిక్కునని చెబితే, అదేం జబ్బని అడిగి ఇంకో నాలుగు గుద్దారు." నవ్వబోయి, కుట్లు లాగడంతో ఆగిపోయాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. ఫ్రీమాంట్‌లో పుట్టి, సన్నీవేల్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్నాడు. ఇప్పుడు సొంత తాతను చంపాడన్న నేరం మీద కౌంటీ జైల్లో ఉన్నాడు.

ధర్మారావుకు యాభై దాటాయి. హైదరాబాదులో క్రైమ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, డాక్టరైన భార్య గిరిజకు కాలిఫోర్నియాలో ఉద్యోగం రావడంతో రాజీనామా చేసి వచ్చినవాడు. ఇక్కడ ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ లైసెన్సు తీసుకుని డిఫెన్స్ లాయర్లకు పనిచేస్తున్నాడు. తేగ్‌బీర్ లాయరు నిన్ననే అతన్ని ఈ కేసులోకి దింపింది.

పోలీసుల కథ చిన్నది. సోమవారం మధ్యాహ్నం ట్రేసీలోని ట్రక్ యార్డులో, దాని యజమాని మెహతాబ్ సింగ్ శవం దొరికింది. ముఖం గుర్తుపట్టలేనంతగా కొట్టి, సిక్కులు భుజాన ధరించే కృపాణం ఛాతీలో దించారు. ఆ కృపాణం మనవడిది. అంతకుముందు రోజు, ఆదివారం, నిండు సభలో తాత ఆ మనవణ్ణి చెంపదెబ్బ కొట్టాడు.

"సభ దేని గురించి?"

"ఓటింగ్ గురించి. అమెరికాలో ఉన్న పంజాబీలందరినీ ఒకటే ప్రశ్న అడగాలనుకున్నాం. పంజాబు విడి దేశంగా ఉండాలో లేదో నిర్ణయించుకునే హక్కు మాకుండాలా, వద్దా? అంతే. తుపాకుల్లేవు, బెదిరింపుల్లేవు. బ్యాలెట్ పెట్టె ఒక్కటే. నేనూ, సిమ్రత్ అని ఇంకో అమ్మాయీ కలిసి మొదలుపెట్టాం."

"మీ తాత వద్దన్నాడా?"

తేగ్‌బీర్ బల్లమీదికి వంగాడు. "ఎనభై నాలుగులో సైన్యం స్వర్ణదేవాలయం మీదికి వచ్చినప్పుడు ఆయన తమ్ముణ్ణి చంపేశారు, అంకుల్. ఆ తమ్ముడి ఫోటో మా హాల్లో ఉంటుంది. ప్రతి జూన్‌లోనూ దాదాజీ ఒకరోజు పచ్చి మంచినీళ్ళు ముట్టడు. ఆ దుఃఖం నాకు నేర్పింది ఆయనే. దాన్నేం చేసుకోవాలని నేనడిగితే, నీకేం తెలుసు, ఆ నేల నీళ్ళు ఒక్క గుక్కైనా తాగావా అన్నాడు." తలెత్తి, "మీ రాష్ట్రం కూడా రెండుగా విడిపోతోందట కదా? మీరు ఎటువైపు?"

"మాది తెనాలి. మా ఆవిడది కరీంనగర్. జులై నుంచీ మా ఇంట్లో ఆ మాటే ఎత్తడంలేదు," అన్నాడు ధర్మారావు. "నా ప్రశ్నకు రా. నీ కృపాణం ఆయన దగ్గరికి ఎలా వెళ్ళింది?"

"సభలోనే లాగేసుకున్నాడు. చెంపమీద కొట్టి, భుజానికున్న పట్టీ తెంపి, నీకిది వేసుకునే అర్హత లేదన్నాడు. అమృతం తీసుకుని దీక్షలో ఉన్న సిక్కుకు అంతకంటే అవమానం లేదు."

"అందరిముందూ అంత పని చేయడానికి ఓటింగ్ ఒక్కటే కారణమా?"

తేగ్‌బీర్ గోళ్ళతో బల్ల అంచును గీకుతూ కూర్చున్నాడు.

"బాబూ, నిన్ను జీవితాంతం ఇక్కడే ఉంచడానికి వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఇంకో దెబ్బల రౌండుకు నీ రెండో కన్ను కూడా పోతుంది. ఆయన ఇంకేమన్నాడు?"

"కొట్టాక చెవి దగ్గరికొచ్చి పంజాబీలో అడిగాడు, ట్రైలర్‌లో ఏం దాచావురా అని. నాకర్థం కాలేదు. ఏ ట్రైలర్ అన్నాను. నన్ను నమ్మలేదు." తలమీది తువ్వాలు ముక్క సరిచేసుకున్నాడు. "ఆయన నాతో మాట్లాడిన చివరి మాట అదే. నేను అబద్ధమాడుతున్నాననుకునే పోయాడు."

"ఇది పోలీసులకు చెప్పావా?"

"చెప్పొద్దన్నాడు లక్కీ. లఖ్‌వీర్. మా యార్డులోనే తన ట్రక్కులు పెట్టుకుంటాడు. పెద్దవాళ్ళలో మమ్మల్ని సమర్థించింది ఆయనొక్కడే. జైలుకొచ్చి చూశాడు. ట్రైలర్ మాటెత్తితే సిమ్రత్‌నీ మిగతావాళ్ళనీ కూడా టెర్రరిస్టు కేసులో ఇరికిస్తారన్నాడు."

ధర్మారావు లేచాడు. "నీకు ఆ ట్రైలర్ సంగతే తెలియనప్పుడు, దాని మాటెత్తితే ఎవరికి ప్రమాదమో లక్కీకి ఎలా తెలిసింది?"

తేగ్‌బీర్ ఒంటికన్ను అలాగే నిలిచిపోయింది.

* * *

యార్డు తాళాలు తేగ్‌బీర్ తల్లి అవ్‌నీత్ కౌర్ తీసింది. నలభై ఎనిమిదేళ్ళ వితంతువు. కొడుకు జైల్లో, మామగారు మార్చురీలో. ఆమె ఏడవడం మానేసి రెండు రోజులైనట్టుంది. ధర్మారావుతో హిందీలో మాట్లాడింది.

"రక్తం ఇంకా కడగలేదు, భాయీసాబ్. పోలీసులు కడగనివ్వలేదు."

ఆఫీసు గది ఇరుకుగా ఉంది. బల్ల పక్కకు తోసేసి ఉంది. కుర్చీ కాలు విరిగింది. సిమెంటు నేలమీద నల్లగా ఎండిన మడుగు, దాన్నుంచి గోడదాకా మోచేతులతో పాకిన జాడ. అంటే పొడిచిన వెంటనే ప్రాణం పోలేదు. ఆయన ఫోను కోసం పాకాడు. ఫోను గోడకున్న మేకుకు వేలాడుతోంది. దాని కింద నాలుగు వేళ్ళ నెత్తుటి గీతలు సగంలో ఆగిపోయాయి.

ధర్మారావు బీరువా దగ్గరికి వెళ్ళాడు. ఇనుప తలుపుమీద తల ఎత్తున మూడు సొట్టలున్నాయి. మూడూ నెలవంక ఆకారంలోనే ఉన్నాయి. జేబులోంచి పోస్టుమార్టం ఫోటో తీసి పక్కన పెట్టాడు. మెహతాబ్ సింగ్ కుడి కణత మీదా, కుడి చెంప మీదా సరిగ్గా అవే నెలవంకలు.

"ఇవి కడియం అచ్చులు," అన్నాడు. "పిడికిలితో గుద్దినప్పుడు, మణికట్టు మీదున్న ఇనుప కడియం ముందుకు జారి తగిలింది. ఎదురుగా నిలబడి గుద్దితే కుడి చెంప మీద పడాలంటే, ఏ చేత్తో గుద్దాలి?"

ఆమె తన చేతులు రెండూ ఎత్తి చూసుకుంది. "ఎడమ."

"మీ అబ్బాయి కడియం?"

"కుడిచేతికి. చిన్నప్పట్నుంచీ కుడిచేతికే. మా సిక్కులందరూ కుడిచేతికే వేసుకుంటారు. ఎడమచేతివాటం ఉన్నవాళ్ళు ఎవరైనా…" నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఎవరు?"

"లక్కీ." ఆమె గోడకు ఆనుకుంది. "రోజూ మా ఇంటికి రొట్టెలు తెస్తున్నాడు. నిన్న నా కాళ్ళదగ్గర కూర్చుని ఏడ్చాడు, భాయీసాబ్. ఆ చేత్తోనే నా తలమీద…" వంగి నేలమీదే వాంతి చేసుకుంది.

ధర్మారావు ఆమెకు మంచినీళ్ళ కోసం మూలనున్న చిన్న ఫ్రిజ్ తెరిచాడు. నీళ్ళ సీసాల వెనక ప్లాస్టిక్ డబ్బా ఒకటి కనిపించింది. మూత తీశాడు. పులిసిన పెరుగన్నం, పైన ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు. పక్కనే చిన్న పొట్లంలో మాగాయ ముక్క.

"ఇది తినేదెవరు?"

అవ్‌నీత్ మూతి తుడుచుకుని అటు చూసింది. "మా ఇంట్లో వెనకగది అద్దెకిచ్చాం. తెలుగమ్మాయి. కావ్యశ్రీ. చదువుకుంటోంది. మామగారు బాపూజీకి బిల్లులు కంప్యూటర్లో ఎక్కించడానికి అప్పుడప్పుడూ… స్టూడెంట్ వీసా మీద అలా బయట పనిచేయకూడదట. అందుకే పోలీసులకు చెప్పలేదు."

"సోమవారం వచ్చిందా?"

"జ్వరమని ఆ రోజు నుంచీ గదిలోంచి బయటికి రాలేదు."

ఆఫీసు వెనక స్టోర్ రూమ్ తలుపుకు సన్నని చీలిక ఉంది. దానికి కన్ను ఆనిస్తే విరిగిన కుర్చీ, నెత్తురు మడుగు సూటిగా కనబడుతున్నాయి. ధర్మారావు డబ్బా చేత్తో పట్టుకునే యార్డులోకి నడిచాడు. వరసగా నిలబెట్టిన ట్రైలర్ల మధ్య ఒకచోట ఖాళీ ఉంది. చుట్టూ నేలంతా దుమ్ము, ఆయిలు. ఆ ఖాళీలో మాత్రం ట్రైలర్ పొడవునా శుభ్రమైన నేల, ఒక కొసన దాని ఇనుప కాళ్ళు దిగిన గుంటలు. దాన్ని ఈమధ్యే ఎవరో తీసుకుపోయారు.

"వెతుకుతున్నది దొరికిందా, మిస్టర్ రావ్?"

గేటు దగ్గర బూడిదరంగు సూటులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పొడగరి, పలచని జుట్టు. పేరు కాల్డ్‌వెల్. ఫెడరల్ ఏజెంటు. తేగ్‌బీర్ అరెస్టయిన గంటలోనే కౌంటీ పోలీసులను పక్కకు నెట్టి కేసులో దూరినవాడు. ధర్మారావు సాక్షుల వాంగ్మూలాలు అడిగితే రెండుసార్లు లేవన్నాడు.

"మీరు ఇది హత్య కేసంటున్నారు. మరి ఫెడరల్ వాళ్ళకు ఏం పని?" అన్నాడు ధర్మారావు.

"ముసలి టెర్రరిస్టును కుర్ర టెర్రరిస్టు చంపాడు. నాకు అదే పని."

"ఆ ముసలాయన ఈ దేశానికి ముప్ఫై ఏళ్ళుగా కూరగాయలు తోలాడు. మనవడు ఓటింగ్ పెడదామన్నాడు. వీళ్ళలో టెర్రరిస్టు ఎవరో మీరే చెప్పాలి."

"ఓటింగ్‌తో మొదలవుతుంది. ఏ దారిన ముగుస్తుందో నాకు తెలుసు. నీ దేశంలోనే చూశాం కదా."

"నా దేశంలో పోలీసు ఉద్యోగం చేశాను కాబట్టి నాకు ఇంకోటి కూడా తెలుసు. తుపాకులు లేని కుర్రాళ్ళకు తుపాకులు తెచ్చిచ్చేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. వాడికి జీతమిచ్చేవాడు ఇంకొకడుంటాడు."

కాల్డ్‌వెల్ దగ్గరికొచ్చాడు. అతని ఊపిరి ధర్మారావు ముఖానికి తగిలేంత దగ్గరకు. "నీ లైసెన్సు నేనొక్క ఫోను చేస్తే పోతుంది. శవాన్ని చూసుకో, కత్తిని చూసుకో. తరలించిన ట్రైలర్ల జోలికి పోకు."

"ట్రైలర్ తరలించారని నేను అనలేదే?"

ఏజెంటు దవడ కండరం ఒక్కసారి బిగుసుకుంది. తర్వాత అతని చూపు ధర్మారావు చేతిలోని డబ్బా మీద పడింది. "ఏమిటది?"

"పెరుగన్నం."

"ఎవరిది?"

"నాది. లంచ్." ధర్మారావు డబ్బా మూత బిగించి కారువైపు నడిచాడు. అవ్‌నీత్‌ను ఎక్కించుకుని స్టార్ట్ చేశాడు. వెనక అద్దంలో, కాల్డ్‌వెల్ ఫోను చెవికి పెట్టుకోవడం కనిపించింది.

* * *

అవ్‌నీత్ ఇంటి వెనకగదిలో కావ్యశ్రీ తలుపు తీయలేదు. ధర్మారావు తలుపుకు దగ్గరగా నోరు పెట్టి తెలుగులో మాట్లాడాడు.

"అమ్మా, నా పేరు ధర్మారావు. పోలీసుని కాదు. నీ డబ్బా యార్డులో మర్చిపోయావు. మాగాయ మీ అమ్మ పంపిందా?"

లోపల గడియ తీసిన శబ్దం. ఇరవై మూడేళ్ళుంటాయి. కళ్ళకింద నలుపు. మంచం మీద సూట్‌కేసు సగం సర్ది ఉంది.

"వరంగల్ నుంచి అత్తమ్మ పంపింది," అంది. అని భోరుమని ఏడ్చింది.

ధర్మారావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అవ్‌నీత్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నువ్వు స్టోర్ రూమ్‌లో ఉన్నావు. తలుపు చీలికలోంచి చూశావు. అవునా?"

"నేను బిల్స్ స్కాన్ చేస్తున్న అంకుల్. లక్కీ వచ్చిండు. తాతగారు పంజాబీల గట్టిగ అరిచిండు, వీళ్ళింట్ల ఉంటున్న కద, నాకు సమజయితది. నా యార్డుల తుపాకులు ఎవడు పెట్టమన్నడు, నా పోరన్ని అనవసరంగ కొట్టిన, అది నీ ట్రైలర్ కదా అని. లక్కీ మొదలు నవ్విండు. అవి పిల్లల కోసమే తెచ్చిన అన్నడు. తాతగారు టేబుల్ మీదున్న కృపాణం తీసిండు. పొడవనీకి కాదంకుల్. అది ముట్టుకుని ప్రమాణం చెయ్యమన్నడు, పిల్లల జోలికి రానని."

"చేశాడా?"

"ముఖం మీద గుద్దిండు." ఆమె తన చెంప పట్టుకుంది. "ఒకటి కాదు. గుద్దుతనే ఉన్నడు. రెండు మూడు బీరువాకు తగిలినయ్. ఎముక ఇరిగిన సప్పుడొచ్చింది. పగిడీ ఊడిపోయింది. తాతగారు కింద పడ్డంక కూడ జుట్టు పట్టుకుని లేపి కొట్టిండు. తర్వాత ఆ కృపాణం తీసి… రెండు చేతులతోటి దించిండు. నేను నోట్లె దుపట్టా కుక్కుకున్న."

"తర్వాత?"

"ఫోన్ చేసిండు. ఇంగ్లీష్‌ల మాట్లాడిండు. ప్రాబ్లం అయింది, నువ్వు రా అన్నడు. కొద్దిసేపటికి ఒక తెల్లాయన వచ్చిండు. సూటేసుకున్నడు. కూసోని తాతగారి మెడ మీద వేళ్ళు పెట్టి చూసిండు. 'హీ ఈజ్ స్టిల్ బ్రీతింగ్' అన్నడు." కావ్యశ్రీ గొంతు సన్నబడింది. "అన్నడు, లేసిండు, చేతులు తుడుసుకున్నడు. అంతే అంకుల్. అంబులెన్స్ పిలుస్తడేమో అనుకున్న. ఇద్దరు కలిసి ట్రైలర్ తగిలించుకుని పోయిన్రు."

గుమ్మం దగ్గర అవ్‌నీత్‌కు తెలుగు అర్థం కాలేదు. కానీ ఆ ఇంగ్లీషు ముక్క అర్థమైంది. "ఎవరు? ఎవరన్నారు ఆ మాట?" అని అడిగింది.

కావ్యశ్రీ ఆమెకు ఇంగ్లీషులో చెప్పింది. లక్కీ పేరు, తుపాకులు, తెల్లమనిషి, అన్నీ. అవ్‌నీత్ మొత్తం విని హాల్లోకి వెళ్ళింది. ఆమె ఫోనులో పంజాబీలో ఎవరితోనో వేగంగా మాట్లాడడం వినిపించింది. ధర్మారావు దాన్ని పట్టించుకోలేదు.

"వాళ్ళు పోయాక ఆయన దగ్గరికి వెళ్ళావా?"

"పోయిన. నా చెయ్యి పట్టుకున్నడు. నోట్లకెంచి రక్తం. 'జా, బేటీ, జా' అన్నడు. నేను… నేను పోయిన అంకుల్. ఫోన్ చేస్తే నువ్వక్కడ ఏం చేస్తున్నవని అడుగుతరు. ఇల్లీగల్‌గ పనిచేస్తున్నవని ఎఫ్-వన్ వీసా క్యాన్సిల్ చేస్తరు. నాన్న పొలం కుదువబెట్టి పంపిండు. అందుకే పోయిన. నేను ఫోన్ చేసుంటే బతుకుతుండెనా?"

ధర్మారావుకు నేలమీద మోచేతుల జాడ, గోడమీద సగంలో ఆగిన వేళ్ళ గీతలు కళ్ళముందు కదిలాయి. "అది డాక్టర్లు చెప్పాలమ్మా. తేగ్‌బీర్‌ను మాత్రం నువ్వు బతికించగలవు."

బయట కారు ఆగింది. ధర్మారావు కర్టెన్ కొద్దిగా తొలగించాడు. నల్లటి కారులోంచి కాల్డ్‌వెల్ దిగుతున్నాడు. డ్రైవరు పక్క సీట్లో తలపాగాతో ఇంకెవరో ఉన్నారు.

కావ్యశ్రీ అతని భుజం మీంచి చూసింది. ఆమె వేళ్ళు ధర్మారావు చొక్కాను గుప్పెటతో పట్టుకున్నాయి.

"అంకుల్… మెడ మీద చెయ్యి పెట్టింది ఈయనే."

కాల్డ్‌వెల్ యార్డు నుంచి ధర్మారావు కారు వెనకాలే వచ్చాడు. డబ్బా ఎవరిదో లక్కీ చెప్పి ఉంటాడు, సాక్షి ఉందని చూపించింది మాత్రం ధర్మారావే. ధర్మారావు తన ఫోను తీసి పోలీసుల అత్యవసర నంబరు నైన్ వన్ వన్ నొక్కి కావ్యశ్రీ చేతిలో పెట్టాడు. "లైన్ కట్ చేయకు. అడ్రస్ చెప్పు. వాడి పేరు కాల్డ్‌వెల్, ఫెడరల్ ఏజెంటు. ఏమైనా సరే కట్ చేయకు."

హాల్లోకి వచ్చి తలుపు సగం తెరిచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపలున్న అమ్మాయి వీసా నిబంధనలు ఉల్లంఘించింది," అన్నాడు కాల్డ్‌వెల్. "నాతో పంపించు."

"వారంట్?"

"కారులో ఉంది."

"కారులో ఉన్నది లక్కీ. అదేనా మీ వారంటు?"

కారు తలుపు అప్పటికే తెరిచి ఉంది. అందులో ఎవరూ లేరు. ధర్మారావుకు ఆ విషయం అర్థమయ్యేలోపే ఇంటి వెనక అద్దం భళ్ళున పగిలింది. కావ్యశ్రీ కేక పెట్టింది.

ధర్మారావు వెనకగదిలోకి పరిగెత్తాడు. లక్కీ కిటికీలోంచి దూకి ఆమె జుట్టు పట్టుకుని గోడకేసి కొడుతున్నాడు. ధర్మారావు అతని నడుం మీదికి భుజంతో దూకాడు. ఇద్దరూ మంచం మీంచి నేలమీద పడ్డారు. లక్కీ వయసులో చిన్నవాడు, ఎద్దులాంటివాడు. మోకాలు ధర్మారావు పొట్టలో దించి, మీదికెక్కి కూర్చున్నాడు. ఎడమ పిడికిలి లేచింది. కడియం కనుబొమ్మ మీద పడి చర్మం చీలింది. కళ్ళలోకి నెత్తురు కారింది. రెండో దెబ్బకు పన్ను కదిలింది. మూడో దెబ్బకు చెవిలో హోరు తప్ప ఏమీ వినబడలేదు.

నాలుగో దెబ్బ పడలేదు.

అవ్‌నీత్ రెండు చేతులతో ఎత్తిన ఇనుప పెనం లక్కీ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. అతను అరుస్తూ పక్కకు దొర్లాడు. ఆమె ఆగలేదు. భుజం మీద కొట్టింది, వీపు మీద కొట్టింది. "రొట్టెలు తెచ్చావు! నా ఇంటికి రొట్టెలు తెచ్చావు!" అంటూ మళ్ళీ ఎత్తింది. ధర్మారావు ఆమె కాలు పట్టుకుని ఆపాడు. "చచ్చిపోతాడు, బహెన్‌జీ. వాడు మనకు బతికి కావాలి!"

"ఆ పెనం కింద పడెయ్." కాల్డ్‌వెల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిస్తోలు ధర్మారావు మీద గురి పెట్టి ఉంది. "ఇద్దరూ గోడవైపు తిరగండి. అమ్మాయ్, ఆ ఫోను ఇలా ఇవ్వు."

కావ్యశ్రీ గోడ మూలన కూలబడి ఉంది. నుదురు పగిలి రక్తం ముక్కు మీదుగా కారుతోంది. ఫోను చెవి దగ్గరే ఉంది. ఆమె ఏజెంటు కళ్ళలోకి చూస్తూ, ఇంగ్లీషులో, వీసా ఇంటర్వ్యూలో చెప్పినంత స్పష్టంగా చెప్పసాగింది.

"నా పేరు కావ్యశ్రీ. నేను స్టూడెంట్‌ని. పర్మిషన్ లేకుండా మెహతాబ్ సింగ్ యార్డులో పనిచేశాను. సోమవారం ఆయన్ను లఖ్‌వీర్ సింగ్ చంపడం చూశాను. కాల్డ్‌వెల్ అనే ఫెడరల్ ఏజెంట్, ఆయన ఇంకా ఊపిరి తీస్తున్నాడని తెలిసీ వదిలేసి వెళ్ళడం చూశాను. ఆ ఏజెంటు ఇప్పుడు నా ముందు నిలబడి, మామీద తుపాకి పెట్టాడు. ఇదంతా రికార్డవుతోందా, మేడమ్?"

ఫోన్లోంచి ఆపరేటర్ గొంతు సన్నగా, అందరికీ వినబడేలా వచ్చింది. "అవుతోంది. లైన్‌లోనే ఉండండి. కౌంటీ పోలీసు డెప్యూటీలు మీ వీధిలోకి వచ్చేశారు."

కాల్డ్‌వెల్ ఆ అమ్మాయినీ, ఫోనునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పిస్తోలును మెల్లగా కిందికి దించాడు. డెప్యూటీలు లోపలికొచ్చేసరికి అతను దాన్ని బల్లమీద పెట్టి, తన బ్యాడ్జి చూపించి, తనది ఆపరేషన్ అనీ, అందరూ బయటికి పోవాలనీ అన్నాడు. సీనియర్ డెప్యూటీ ఆడమనిషి. కావ్యశ్రీ నుదుటినీ, నేలమీద మూలుగుతున్న లక్కీనీ చూసి, ముందుగా కాల్డ్‌వెల్‌కే బేడీలు వేసింది.

"ఏ ఆపరేషన్?" నోట్లోని నెత్తురు ఉమ్మి అడిగాడు ధర్మారావు. "ట్రైలర్ ఎక్కడ పెట్టారు?"

జవాబిచ్చింది లక్కీ. నొప్పితో అతని మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

"హాల్ వెనకాల. పిల్లలు ఓట్ల సభ పెట్టుకునే హాల్. ఇవాళ రెయిడ్ చేసి, తుపాకులతో పట్టుకున్నామని టీవీలో చూపిద్దామన్నాడు. నా పాత కేసు కొట్టేస్తానన్నాడు. నాదేం లేదు. ఆయన చెప్పినట్టే చేశాను."

"రెయిడ్ ఆపు," అన్నాడు ధర్మారావు ఏజెంటుతో.

"నా మనుషులు బయల్దేరిపోయారు," అన్నాడు కాల్డ్‌వెల్. అతని ముఖం మొదటిసారి పాలిపోయింది. "లోపలున్నవాళ్ళు నిరాయుధులు. ఎవరికీ ఏమీ కాదు. ట్రైలర్ తాళం నా దగ్గరే ఉంది."

సీనియర్ డెప్యూటీ అప్పటికే రేడియోలో ఆ రెయిడ్ టీమ్ కోసం అడుగుతోంది. అవతలివాళ్ళు తమ ఫ్రీక్వెన్సీలో లేరని జవాబొచ్చింది.

ధర్మారావు అవ్‌నీత్ వైపు తిరిగాడు. ఆమె పెనం ఇంకా పట్టుకునే ఉంది. చున్నీ జారిపోయినా చూసుకోలేదు.

"ఇందాక మీరు ఎవరికి ఫోన్ చేశారు?"

"సిమ్రత్‌కి," అంది ఆమె. "బాపూజీని చంపింది లక్కీ అని చెప్పాను. సర్కారు మనిషి చూస్తూ వదిలేశాడని చెప్పాను. ఆ పిల్లలకు తెలియాలి కదా? వాళ్ళకోసమే కదా ఆయన చచ్చిపోయింది?" ఆమెకు తను చెప్పిందేమిటో అప్పుడు అర్థమైంది. "లక్కీ ట్రైలర్‌లో తుపాకులు పెట్టాడని కూడా చెప్పాను."

ఆమె జేబులో ఫోను మోగింది. పెనం కింద పెట్టి, ఫోను తీసి స్పీకర్ నొక్కింది.

"ఆంటీ," అంది అవతల అమ్మాయి గొంతు. పందొమ్మిదేళ్ళ పిల్ల, అమెరికన్ యాసలో, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. "మీరు చెప్పింది నిజమే. ట్రైలర్ ఇక్కడే ఉంది. తాళం పగలగొట్టాం. దాదాజీ మమ్మల్ని చిన్నపిల్లలన్నారు. ఓట్లు అడిగితే మాకు ఏం దక్కిందో చూశారా? నా పక్కన హర్‌జాప్ ఉన్నాడు. వాడికి తుపాకి ఎలా పట్టుకోవాలో కూడా తెలీదు, కానీ పట్టుకున్నాడు. అందరూ పట్టుకున్నారు."

ధర్మారావు ఫోను లాక్కున్నాడు. "సిమ్రత్, నేను తేగ్‌బీర్ తరపు మనిషిని. లక్కీ దొరికాడు. ఆ ఏజెంటు దొరికాడు. తేగ్‌బీర్ బయటికొస్తాడు. అవి కింద పడెయ్యండి. చేతులు పైకెత్తి బయటికి రండి. ఇప్పుడే. నీ చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పు!"

"దొరికారా?" ఆమె గొంతు తడబడింది. "నిజంగా? హర్‌జాప్, ఆగు… ఆగురా, వాళ్ళు దొరికారట… అంకుల్, బయట వ్యాన్లు వచ్చాయి. నల్లబట్టల వాళ్ళు దిగుతున్నారు. వాళ్ళు ఎవరు?"

"పడుకోండి! అందరూ నేలమీద పడుకోండి!"

ఎవరో మైకులో ఏదో అరిచారు. ఎవరో పంజాబీలో జవాబిచ్చారు. కుర్చీలు పడిపోయిన చప్పుడు. సిమ్రత్ వద్దు వద్దని అరుస్తోంది. ఆ అరుపు మధ్యలో తుపాకి పేలింది.

అది లోపలి నుంచి పేలిందో, బయటి నుంచి పేలిందో ఫోన్లో తెలియలేదు.